నల్ల మొక్కజొన్నని తెల్లగా ఉన్నప్పుడే తినాలి

ఈ ఒక్క ముక్క నాకు ముందు ఎవరూ చెప్పలేదు. విత్తనాల ప్యాకెట్ మీద బొమ్మలో కండె నిగనిగలాడే నీలినలుపు. ఆ బొమ్మ చూసే కొన్నాను. విత్తాను, నీళ్లు పెట్టాను, పీచు ఎండటం మొదలైంది. ఒక కండె వలిచి చూస్తే గింజలన్నీ తెల్లగా ఉన్నాయి. ఇంకా పండలేదనుకుని వారం ఆగాను. అక్కడక్కడా బూడిద రంగు, ఊదా మరకలు కనిపించాయి. ఇంకో వారం ఆగాను. అప్పుడు దిగింది బొమ్మలోని రంగు. ఎంత అందంగా ఉందో! కోసి, ఉడికించి, కొరికితే నోటినిండా పిండి. తీపన్నది లేదు, దవడలు నొప్పి పుట్టాయి. చూడ్డానికే తప్ప తినడానికి పనికిరాదని తీర్మానించి, మిగతా కండెలన్నీ చెట్టునే ఎండిపోనిచ్చాను.

ఆ తీర్మానం తప్పు. రంగురంగుల పాతరకం స్వీట్‌కార్న్‌ని చాలామంది నాలాగే కంటితో కొంటారు, కంటితోనే కోస్తారు, ఆ తర్వాత నాలుకతో తప్పుపడతారు. తీపి లేదంటారు, గట్టిదంటారు, బజార్లో దొరికే హైబ్రిడ్డే నయమంటారు. ఈ రకాల్లో లోటేమీ లేదని నేనంటాను. వాటికి ఒక గడువుంది, అది చాలా చిన్నది. చెట్టు మీద రెండు మూడు రోజులు, కోశాక కొన్ని గంటలు. ఆ గడువుని పట్టుకోగలిగేది మొక్కల పక్కనే కాపురం ఉన్నవాళ్లు. అందుకే ఇవి ఇంట్లో వేసుకోవలసిన పంటలు. ఇంకా చెప్పాలంటే, ఇంట్లో తప్ప వాటి అసలు రుచి మరెక్కడా దొరకదు.

ముందు ఆ రంగు సంగతి తేలుద్దాం, అక్కడే నేను మోసపోయాను కాబట్టి.

మొక్కజొన్న గింజలో రంగు చేరడానికి మూడు చోట్లున్నాయి. అన్నిటికన్నా పైన, తినేటప్పుడు మన పళ్ల సందుల్లో ఇరుక్కునే పల్చటి పొర. దాని కింద ఒకే ఒక్క కణం మందాన ఉండే ఇంకో పొర, దాన్ని అల్యూరోన్ అంటారు. దాని లోపల పిండిభాగం. పసుపు ఉండేది పిండిభాగంలో. క్యారట్‌కి రంగునిచ్చే కెరోటినాయిడ్ల కుటుంబమే దీనికీ రంగునిస్తుంది. నీలం, ఊదా, నలుపు సాధారణంగా అల్యూరోన్‌లో ఉంటాయి. అవి వంకాయ తొక్కలో ఉండే ఆంథోసయనిన్ల జాతివి. ఎరుపు చాలాసార్లు పైపొరది. పసుపు రకంలో లేత గింజకే పసుపు పడుతుంది కాబట్టి ఎప్పుడు కోసినా అది పసుపే. అల్యూరోన్ రంగు అలా కాదు, గింజ ముదురుతున్నప్పుడు దిగుతుంది. అంటే లోపల చక్కెర పిండిగా మారిపోతున్న రోజుల్లోనే పైన రంగు చిక్కబడుతుంటుంది. తీపి వెళ్లే దారిలోనే రంగు వస్తుంది. బొమ్మలో ఉన్నది విత్తనం కట్టిన కండె, తినే కండె కాదు.

నేను వేసిన రకం పేరు బ్లాక్ అజ్‌టెక్. పేరులో ఒకప్పుడు మెక్సికోని ఏలిన అజ్‌టెక్‌లు ఉన్నా వాళ్లతో దీనికి చుట్టరికం ఉందనడానికి ఆధారమేమీ లేదు. 19వ శతాబ్దంలో అమెరికా విత్తన వ్యాపారులు బ్లాక్ మెక్సికన్ పేరుతో అమ్మిన రకమే ఇది. పేరు మారిందిగానీ గింజ తీరు మారలేదు. తినేటప్పుడు తెలుపు, విత్తనానికి నలుపు. ఆ రోజుల్లో దీన్ని కొన్నవాళ్లకి ఈ సంగతి బాగా తెలిసే ఉంటుంది, వాళ్లు కొన్నది తినడానికి కాబట్టి.

రెండో పంటకి ఒక పని చేశాను. కండె కొసన పీచు పైకి కనబడిన రోజునే దానికో దారం కట్టాను. రోజుకో రంగు దారం, ఏ రంగు ఏ రోజుదో గోడ మీది క్యాలెండర్లో రాసుకున్నాను. తర్వాత 16వ రోజు నుంచి రోజూ పొద్దున్నే ఒక కండె పైఆకుల్ని కొంచెం పక్కకి లాగి, మధ్య వరసలో ఒక గింజకి బొటనవేలి గోరు గుచ్చి చూడటం మొదలుపెట్టాను. 17వ రోజు నీళ్లలాంటి రసం వచ్చింది. తీపి ఉంది, వెనక రుచి లేదు. 19న పలచటి పాలు. 20న గోరు ఆనీ ఆనగానే గింజ చిట్లి పాలు చెంప మీద పడ్డాయి. ఆ ఉదయం కోసినవాటిలో ఒక్క గింజ కూడా నల్లబడలేదు, కాకపోతే కొస దగ్గర రెండు గింజల నెత్తిన సూదిమొనంత నీలి చుక్క పెట్టినట్టుంది. 23వ రోజుకి గోటికి అంటుకునే ముద్ద. పలచటి పాల నుంచి ముద్ద దాకా, అదీ నాలుగు రోజుల్లో జరిగిన కథ. ఎండలు ముదిరితే ఇది ఇంకా కుదించుకుపోతుంది, చల్లటి వాతావరణంలో కొంచెం సాగుతుంది. అందుకే రోజుల లెక్కని నమ్మి కూర్చోకూడదు. లెక్క ఎప్పుడు వెళ్లి చూడాలో చెబుతుంది. కోయమని చెప్పేది గోరే.

20వ రోజు కండెని నేను అక్కడే, పాదులో నిలబడి పచ్చిగా తిన్నాను. నీలి చుక్క కనబడితే ఆలస్యమైపోతున్నట్టు అని కూడా ఆ పొద్దునే నేర్చుకున్నాను.

రుచి గురించి చెప్పాలంటే తీపితో మొదలుపెట్టడం నాకిష్టం లేదు. తీపి ఉంది, మంచి పాలకి ఉండే పాటి తీపి. దాని కన్నా ముందు తెలిసేది చిక్కదనం. గింజ పగలగానే నీళ్లు కారవు, మీగడలాంటిది నాలుక మీద పరుచుకుంటుంది. మింగాక కూడా కాసేపు నోట్లో మొక్కజొన్న మిగిలి ఉంటుంది. నా దృష్టిలో ఈ పాతరకాల గొప్పదనం ఇదే, దీనికి గట్టి కారణం కూడా ఉంది.

మామూలు మొక్కజొన్నకీ స్వీట్‌కార్న్‌కీ తేడా ఒక జన్యులోపం. నాలుగో క్రోమోజోము మీది జన్యువొకటి పనిచేయకపోతే గింజలో పిండి సరిగ్గా తయారవదు. చక్కెరలు మామూలు కన్నా ఎక్కువ మిగిలిపోతాయి. దాంతోపాటు, పిండి కావలసింది కాకుండా ఆగిపోయి ఫైటోగ్లైకోజన్ అనే పదార్థంగా పోగుపడుతుంది. అది నీళ్లలో కరిగే, బాగా కొమ్మలు వేసిన చక్కెర గొలుసు. గింజ పొడి బరువులో నాలుగో వంతు దాకా అదే ఉండొచ్చు. మీగడలా అనిపించేది అదే. మొక్కజొన్నని వేల ఏళ్లు పెంచిన అమెరికా ఖండపు ఆదివాసులకి ఈ గుణం బాగా తెలుసు. మిస్సోరీ నది ఎగువ ప్రాంతపు హిడాట్సా ప్రజలు ఇలాంటి మొక్కజొన్నకి పెట్టుకున్న పేరుకి బంకగా ఉండేదని అర్థం. తియ్యనిది అని పేరు పెట్టలేదు. వాళ్ల నాలుక దేన్ని ముందు పట్టుకుందో ఆ పేరులో ఉంది. నాకైతే ఆ పేరే సరైనదనిపిస్తుంది.

మరి ఇవాళ బజార్లో దొరికేది? అందులో చాలా భాగం వేరే జన్యులోపం మీద నిలబడిన గింజ. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్నన్ అనే జన్యుశాస్త్రవేత్త మూడో క్రోమోజోము మీది ఒక లోపాన్ని పరిశీలిస్తున్నాడు. ఆ లోపం ఉన్న గింజలు ఎండితే ముడుచుకుపోయి, డొల్లగా అవుతాయి. వాటిని నోట్లో వేసుకుంటే ఎక్కడా లేనంత తీపి! 1953లో ఆ విషయం ప్రచురించాడు. సూపర్‌స్వీట్ రకాల్లో చాలావాటికి మూలం అదే. వాటిలో చక్కెర పాతరకాల కన్నా రెండు రెట్లకు పైగా ఉంటుంది, కోశాక కూడా చాలా రోజులు తగ్గదు. అయితే చక్కెర పిండిగా మారే దారిని ఈ లోపం ఇంకా మొదట్లోనే మూసేస్తుంది. దాంతో ఆ మీగడ పదార్థం కూడా తయారవదు. గింజ కొరికితే కరకరలాడుతుంది, తియ్యటి నీళ్లు వస్తాయి. మీగడ రాదు.

నేను దీన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. తోటలో కోసిన కండె వందల మైళ్లు వెళ్లి, అంగట్లో రెండు రోజులు ఉండి, కొన్నవాళ్ల ఫ్రిజ్‌లో ఇంకో రెండు రోజులు ఉండి కూడా తియ్యగా ఉండాలంటే ఇదే మార్గం. పొలం దగ్గర లేనివాళ్లకి కూడా స్వీట్‌కార్న్ అందుబాటులోకి వచ్చిందంటే లాఫ్నన్ చలవే. నా పేచీ ఎక్కడంటే, ప్రయాణానికి తయారుచేసిన తీపిని కొలబద్ద చేసుకుని, ప్రయాణం చేయనక్కర్లేని మొక్కకి మార్కులు వేయడం దగ్గర.

ఒకసారి మా అక్క వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టాను. ఒకటి బజారు నుంచి తెచ్చిన సూపర్‌స్వీట్, రెండోది పది నిమిషాల క్రితం పెరట్లో కోసింది. రెండూ ఆవిరి మీద ఉడికించాను. ఏది ఏదో చెప్పలేదు. బజారుది రెండు వరసలు తిని, "బాగా తియ్యగా ఉంది" అని పక్కన పెట్టింది. పెరటిది అందుకుంది. కాసేపు ఏమీ అనలేదు. నేను ఉండబట్టలేక, "అక్కా, ఏది బాగుందే?" అన్నాను. "ఉండవే, తిననీ" అంది. కండె మొత్తం అయ్యాక బెండుని పళ్లతో గీరుతోంది, గింజల అడుగున మిగిలిన మీగడ కోసం. వాళ్లమ్మాయి మాత్రం తియ్యదే కావాలంది, రెండు తింది. ఆ పిల్లకి ఎనిమిదేళ్లు. నాలుకలన్నీ ఒక్క మాట మీద ఉండాలని నేనేమీ పట్టుపట్టను. కానీ రెండోదాన్ని దాని వేళలో తినకుండా మొదటిదాన్ని గెలిపించడం న్యాయం కాదంటాను.

ఇక కోశాక జరిగేది. పాతరకం స్వీట్‌కార్న్ కోసిన క్షణం నుంచి గింజ తన పని తాను చేసుకుపోతుంది. ఉన్న చక్కెరని పిండి చేసుకుంటుంది, ఊపిరి తీసుకోవడానికి కొంత ఖర్చు పెడుతుంది. 30 డిగ్రీల వేడిలో ఉంచితే ఒక్క రోజులో సగానికి పైగా చక్కెర పోతుంది. సున్నా డిగ్రీల దగ్గర ఉంచితే పోయేది పదో వంతుకి మించదు. కోసిన కండెల్ని బుట్టలో వేసి మధ్యాహ్నం దాకా వరండాలో ఉంచామంటే, సాయంత్రం తినేది పొద్దున కోసింది కాదన్నమాట. పొయ్యి మీద నీళ్లు పెట్టి అప్పుడు పెరట్లోకి వెళ్లమని పాత తోటమాలులు చెప్పే మాటని నేను చాదస్తమనుకునేదాన్ని. ఇప్పుడు అక్షరాలా అదే చేస్తాను. పొద్దున్నే, గింజ చల్లగా ఉన్నప్పుడు కోస్తాను. వెంటనే తినడం కుదరకపోతే పైఆకులు తీయకుండానే తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెడతాను, మర్నాటికి అవగొట్టేస్తాను. ఉడికించడం నాలుగు నిమిషాలు చాలు. మూత తీయగానే వచ్చే ఆ వాసన డైమిథైల్ సల్ఫైడ్ అనే పదార్థానిది. పచ్చి కండెలో దాని జాడ అంతగా తెలియదు, వేడి తగిలితేనే బయటపడుతుంది. పచ్చిగా తింటే ఆ వాసన పోతుంది, ఎక్కువ ఉడికిస్తే ఆ మీగడ పోతుంది.

రంగు మీద మనకున్న నమ్మకాలు ఎంత పాతవి? బోలెడంతమందికి స్వీట్‌కార్న్ అంటే పసుపే, మిగతా రంగులు అలంకారానికి. 1900 ప్రాంతంలో అమెరికాలో దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేది. మనుషులు తినేది తెల్లటి స్వీట్‌కార్న్, పసుపంటే పశువుల దాణా అన్న అభిప్రాయం పాతుకుపోయి ఉంది. స్టోవెల్స్ ఎవర్‌గ్రీన్, కంట్రీ జెంటిల్మన్ లాంటి పేరున్న రకాలన్నీ తెలుపే. కంట్రీ జెంటిల్మన్‌కైతే వరసలే ఉండవు, సన్నటి గింజలు అడ్డదిడ్డంగా ఒకదాన్నొకటి తోసుకుంటూ కండె నిండా కూరుకుని ఉంటాయి. అలాంటి రోజుల్లో 1902లో బర్పీ విత్తన కంపెనీ గోల్డెన్ బాంటమ్ అనే పసుపు రకాన్ని అమ్మకానికి పెట్టింది. మాసచూసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌లో విలియం చేంబర్స్ అనే ఆయన తన తోటలో పెంచుకుంటూ వచ్చిన గింజ అది. పొట్టి మొక్క, చిన్న కండె, ఎనిమిదే వరసలు. తిన్నవాళ్లు మళ్లీ తెలుపు వైపు చూడలేదు. కొద్ది ఏళ్లలో పసుపు అంటే రుచికి గుర్తైపోయింది. ఒక మనిషి పెరటి గింజ ఒక దేశం కంటి అలవాటునే మార్చేసింది. ఆ గోల్డెన్ బాంటమ్ కూడా ఇవాళ పాతరకాల లెక్కలోకే వస్తుంది. దాని గడువూ అంతే చిన్నది, దాని మీగడా అంతే చిక్కన. పసుపు కాబట్టి దాన్ని ఎప్పుడు కోయాలో అన్న గందరగోళం మాత్రం ఉండదు. మొదటిసారి వేసేవాళ్లకి నేను దీన్నే చెబుతాను.

రంగు చూస్తూ తినాలన్న కోరిక ఉంటే దానికీ దారుంది. పైపొరలో రంగున్న రకాలు ముదరకముందే ఎరుపెక్కుతాయి. ఆరెగాన్‌లో అలన్ కాపులర్ అనే విత్తన పరిశోధకుడు తయారుచేసిన డబుల్ రెడ్ అలాంటిది. ఇది పాతరకం కాదు, కానీ హైబ్రిడ్ కూడా కాదు, సూటి రకం. గింజలు దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. దీన్ని కోసిన రోజున చేతివేళ్లు, పీచు, పైఆకుల లోపలి వైపు అన్నీ ముదురు ఎరుపు. మొదటిసారి నీళ్లలో ఉడికించాను. రంగులో చాలా భాగం నీళ్లలోకి దిగిపోయి గింజ వెలిసిపోయింది. ఆ ఊదా నీళ్లలో నిమ్మరసం పిండితే క్షణంలో గులాబీ రంగు. ఆంథోసయనిన్లు నీళ్లలో కరుగుతాయి, పులుపు తగిలితే ఎర్రబడతాయి. అందుకే దీన్ని ఆవిరి మీదో నిప్పుల మీదో చేసుకోవాలి. రుచిలో నా ఓటు మాత్రం నల్లదానికే. డబుల్ రెడ్ పైపొర కాస్త మందం.

ఇక్కడ గ్లాస్ జెమ్ గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. 2012లో ఇంటర్నెట్ అంతా తిరిగిన ఫొటో గుర్తుండే ఉంటుంది. గాజుపూసలు గుచ్చినట్టు రంగురంగుల గింజల కండె. ఓక్లహోమాలో కార్ల్ బార్న్స్ అనే రైతు ఏళ్ల తరబడి గింజలు ఏరి తయారుచేసిన అద్భుతం అది. కానీ అది స్వీట్‌కార్న్ కాదు. పేలాలకీ పిండికీ పనికొచ్చే గట్టి గింజ. దాన్ని తీపి కోసం వేసి, కొరికి, పాతరకాలన్నీ ఇంతేనని వదిలేసినవాళ్లు నాకే ముగ్గురు తెలుసు. వాళ్లకి విత్తనం అమ్మినవాళ్లు ఆ ఒక్క వాక్యం ప్యాకెట్ మీద రాయలేదు. రాసి ఉంటే ముగ్గురు మనుషులు ఈ పంట మీద నమ్మకం పోగొట్టుకునేవాళ్లు కాదు.

పెంచడంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్కటే, అది పీచు. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజది. పోగుకి పుప్పొడి అంటుకుంటే ఆ గింజ కడుతుంది, లేకపోతే ఆ చోటు బోసి. పైన పూత నుంచి పుప్పొడి గాలికి రాలి పడాలి. మొదటి ఏడాది నేను గోడ పొడుగునా ఒకే వరసగా పదహారు మొక్కలు వేశాను. గాలి అటు వీచినప్పుడు పుప్పొడంతా గోడ అవతలికి పోయింది. కండెకి సగం గింజలే. ఇప్పుడు 48 మొక్కలు, ఆరు వరసలు, వరసకి ఎనిమిది, ఒకే మడిగా వేస్తాను. వరసల మధ్య రెండడుగులకు పైగా, మొక్కకీ మొక్కకీ ఒక అడుగు. జాగా తక్కువైతే నాలుగు వరసలకి తగ్గించండి, ఒక్క వరసకి మాత్రం వద్దు. పూత విప్పారిన రోజుల్లో పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య, మంచు ఆరాక, వరసల మధ్య నడుస్తూ మొక్కల్ని చేత్తో మెల్లగా కుదుపుతాను. పసుపు దుమ్ము భుజాల మీద కూడా పడుతుంది. అది పీచుకి అంటుకున్నాక ప్రతి రేణువూ సన్నటి గొట్టంలా పెరుగుతూ ఆ పోగు పొడవంతా దిగి, ఒక్క రోజులో గింజని చేరుతుంది. చేరిందో లేదో చూడాలంటే కొన్ని రోజులయ్యాక ఒక లేత కండె పైఆకులు జాగ్రత్తగా వలిచి విదిలించండి. గింజ కట్టినచోట పోగు ఊడి రాలిపోతుంది, కట్టనిచోట పట్టుకునే ఉంటుంది. నాలుగు కండెలు పాడుచేసుకుని అయినా ఒకసారి చూడవలసిన దృశ్యం.

మిగతాది మామూలే. నత్రజని బాగా తింటుంది కాబట్టి పశువుల ఎరువు దండిగా వేయాలి, మోకాలెత్తు పెరిగాక మళ్లీ కొంచెం. పీచు వచ్చే రోజుల్లో నీటి ఎద్దడి రానివ్వకూడదు. సుడిలో పురుగు కనబడితే రోజూ పొద్దున ఏరేయడమే, 48 మొక్కలకి పావుగంట పని.

పుప్పొడి గురించి ఇంకో సంగతి ఉంది, ఈ రంగుల పంట మీద నాకు ప్రేమ కలగడానికి అదే కారణం. కండె మీద గింజలన్నిటికీ తల్లి ఒక్కటే, తండ్రులు వేరు. మొక్కజొన్నలో తండ్రి గుణం వచ్చే తరం దాకా ఆగదు. అల్యూరోన్, పిండిభాగం రెండూ తల్లీతండ్రీ కలిసి కట్టినవి కాబట్టి ఆ గింజలోనే కనబడిపోతుంది. తెల్ల మొక్క మీద నల్లదాని పుప్పొడి పడితే ఆ గింజ నీలంగా తేలుతుంది. పైపొర మాత్రం అచ్చంగా తల్లిది, అందుకే డబుల్ రెడ్‌లో కండె కండెంతా ఒకే ఎరుపు. ఒక్కో గింజ మీద మచ్చలు, చారలు కూడా వస్తాయి. అలాంటి మచ్చలని చూసి చూసి బార్బరా మెక్‌క్లింటాక్ అనే జన్యుశాస్త్రవేత్త క్రోమోజోముల మీద జన్యువులు చోటు మారతాయని కనిపెట్టారు. 1940ల్లో మొదలైన ఆ పనికి 1983లో నోబెల్ వచ్చింది. ఎండిన కండెలు వలిచేటప్పుడు మచ్చల గింజ కనబడితే నేను దాన్ని విడిగా చిన్న సీసాలో వేసుకుంటాను. విత్తడానికి కాదు, ఊరికే.

ఈ గుణం వల్లే బాధ కూడా ఉంది. మూడో పంటలో పక్కింటివాళ్లు పిండి మొక్కజొన్న వేశారు, రెండింటి పూతా ఒకే వారంలో వచ్చింది. నా కండెల్లో గాలివాటు వైపున్నవాటిలో మూడో వంతు గింజలు పిండిపిండిగా ఉన్నాయి. తప్పు వాళ్లదీ కాదు, నాదీ కాదు. పిండి గుణం తీపి గుణాన్ని మింగేస్తుంది. ఆశ్చర్యమేమిటంటే సూపర్‌స్వీట్ పక్కన వేసినా ఇదే జరుగుతుంది. రెండూ తియ్యనివే కదా అనుకుంటాం. ఒకదాని లోపం నాలుగో క్రోమోజోము మీద, రెండోదానిది మూడో దాని మీద. కలిస్తే ఒకదాని లోటుని రెండోది పూడ్చేస్తుంది. ఇద్దరు తియ్యటి తల్లిదండ్రులకి చప్పటి గింజ పుడుతుంది. పక్క పెరట్లో ఏం వేస్తున్నారో ముందే అడిగి, రెండు మూడు వారాలు ఎడం పెట్టి విత్తుకోవడం ఒక్కటే చిన్న జాగాలున్నవాళ్లకి దారి.

ఈ పంటకి వ్యతిరేకంగా నేను విన్న వాదనల్లో గట్టివి రెండు. దిగుబడి తక్కువన్నది మొదటిది. నిజమే. నా 48 మొక్కల నుంచి 60 చిల్లర కండెలొస్తాయి, అన్నీ పది రోజుల్లోనే పక్వానికొస్తాయి, కొన్ని చేతికందకుండానే ముదిరిపోతాయి. అంత జాగాలో ఇంకేదైనా వేస్తే నెలల తరబడి కోసుకోవచ్చు. దీనికి నా దగ్గర లెక్కల సమాధానం లేదు. పది రోజుల కోసం మూడు నెలలు ఎదురుచూడటం నాకు ఇష్టం, అంతే. హైబ్రిడ్లు రోగాలకి తట్టుకుంటాయన్నది రెండోది. ఇదీ నిజమే. 1930ల్లో స్టీవర్ట్స్ విల్ట్ అనే బ్యాక్టీరియా తెగులు అమెరికాలో గోల్డెన్ బాంటమ్ తోటల్ని ఊడ్చేసినప్పుడు నిలబడింది దాని రక్తమే ఉన్న గోల్డెన్ క్రాస్ బాంటమ్ అనే హైబ్రిడ్. బతుకుతెరువుకి వేసే రైతుని పాతరకం వేయమని నేను అడగను. నేను మాట్లాడుతున్నది తినడానికి వేసుకునేవాళ్ల గురించి.

పాతరకాల్ని సమర్థించేవాళ్లు చెప్పే ఒక మాట మాత్రం నాకు నచ్చదు, రంగు మొక్కజొన్న ఆరోగ్యానికి మందు అన్నది. తినే దశలో నా నల్ల మొక్కజొన్న తెల్లగా ఉంటుంది. ఆ రోజు దానిలో చెప్పుకోదగ్గ రంగే లేనప్పుడు ఆ రంగు చేసే మేలెక్కడిది? దీన్ని రుచి కోసం తిందాం. అది చాలదా?

గింజ దాచుకోవడం దగ్గర నేను ఒంటరిగా ఓడిపోయాను. మొక్కజొన్న దగ్గరి బంధుత్వాన్ని తట్టుకోలేదు. కొద్ది మొక్కల నుంచే ఏటేటా విత్తనం తీస్తే మొక్క పొట్టిదవుతుంది, కండె చిన్నదవుతుంది, మొలకలో సత్తువ పోతుంది. రకం నిలవాలంటే రెండు వందల మొక్కలుంటే మంచిదంటారు. నా పెరట్లో 48. రెండు తరాలు నా విత్తనమే నేను వేసుకున్నాక మొక్క జానెడు తగ్గింది, కొలిచి రాసుకున్నాను కాబట్టి చెబుతున్నాను. పాతరకాన్ని ఒక్క ఇల్లు కాపాడటం అన్నది ఈ పంటలో కుదరదు. అందుకని ఇప్పుడు నాలుగిళ్లవాళ్లం కలిశాం. ఎవరి జాగాలో వాళ్లు వేస్తాం. తినగా ఒక్కో ఇంటి నుంచి కనీసం ఇరవై మొక్కల మీద ఒక్కో కండె వదిలేస్తాం. తినే దశ దాటాక నెల పైన చెట్టునే ఎండనిచ్చి, కోసి, పైఆకులు వెనక్కి విరిచి నీడన వేలాడదీస్తాం. తర్వాత అందరి గింజలూ ఒకే పళ్లెంలో కలుపుతాం.

కలిపే ముందు ఏరాలి. అసలైన తీపి గింజ ఎండితే ముడతలు పడుతుంది, గాజులా కొంచెం మెరుస్తుంది. పిండి పుప్పొడి పడ్డది నున్నగా, బొద్దుగా ఉంటుంది. ఈ నలుపులో కంటికి తేడా సరిగ్గా ఆనదు, వేళ్లకి ఆనుతుంది. పోయిన వారం అక్క, నేను పళ్లెం మధ్యలో పెట్టుకుని రెండు గంటలు ఏరాం. నున్నటివి నలభై రెండు వచ్చాయి, వాటిని పిట్టలకి వేశాం. ముడతలవి నాలుగు కవర్లలో సమంగా పోసి, మీద పేరు, ఏడాది రాశాను. అడుగున ఇంకో వరస కూడా రాశాను, మొదటి ప్యాకెట్ మీద నాకు కనబడనిది: తెల్లగా ఉన్నప్పుడే కోయాలి.